ఉలవకు సూదేసిన రాత్రి

అరగంట ఇక్కడే కూర్చోండి అన్నాడు డాక్టరు.
బెంచీ మీద మా పక్కన
కాలు విరిగిన మేకపిల్లని ఒళ్లో పెట్టుకొని
ఒక ముసలాయన, చెవి మీద బీడీ.
"పిల్లికి గూడా సూదులా తల్లీ?"
ఎగతాళి కాదు,
తెలుసుకుందామని అడిగినాడు.

రెండు కూరగాయల బుట్టలు
ఒకదాని మీద ఒకటి బోర్లించి
మునిలక్ష్మి జడ రిబ్బన్లతో కట్టిన పల్లకీలో
మా ఉలవ.
ఉలవల రంగుది గనక ఉలవ.
ఎడమ చెవి కొసన ఏదో కుక్క పెట్టిన సంతకం.

ఏం చూడాలి సార్ అన్నా.
మూతి వాస్తే, కళ్లచుట్టూ వాస్తే,
నోరు తెరిచి కుక్కలా రొప్పితే,
అదేపనిగా కక్కుకుంటే,
చిగుళ్లు సున్నం కొట్టినట్టు పాలిపోతే
ఫోన్ కూడా చేయకండి, ఎత్తుకొచ్చేయండి.
మగతగా ఉంటే మటుకు పడుకోనీయండి.
చీటీ వెనక రాసుకున్నా,
లైను లీడరు చెప్పే లోపాల పట్టీ రాసుకున్నట్టే.

నా పని అదే గదా.
ఏర్పేడు దారిలో, ఫోన్లు చేసే ఫ్యాక్టరీలో
భూతద్దం కింద
షిఫ్టుకు పన్నెండు వందల కెమెరా కళ్లు.
గీత ఉందా, దుమ్ముందా, మచ్చుందా.
ఒక్కో కంటికి ఇరవై సెకన్లు.
బాగుంటే ఎడమ ట్రే, లేకుంటే ఎర్ర ట్రే.
బతికున్న కంటిని
ఇంతసేపు చూడ్డం ఇదే మొదలు.

రాత్రి, కొర్లగుంటలో మా మిద్దె మీది గది.
ఓనరు గజేంద్ర మొదలియారుకు పిల్లి సంగతి తెలీదు.
తెలిసినా, తెలిసినట్టు మాకు తెలియనీడు.
మంచం కింద, షిఫ్టు బూట్ల మధ్య
ముడుచుకొనింది ఉలవ.
పాలు ముట్టలేదు.
ఎండుచేప తల వాసన చూసి
అప్పడిగేవాణ్ణి చూసినట్టు మొహం తిప్పుకొనింది.

ఒంటిగంటకు ఫోను టార్చి వేసి మూతి చూసినా.
ఇది వాపా, మామూలుగానే ఇంతుంటుందా?
నాలుగు నెల్లుగా పక్కలో పడుకునేదాని మూతి
ఎంతుంటుందో నాకు తెలియదని
అప్పుడే తెలిసింది.
పాత ఫోటోలు తీసి సరిపోల్చుకుంటే
అన్నిట్లోనూ నా మొహమే పెద్దగా ఉంది,
అది మూలన ఒక తోక.

ఊపిర్లు లెక్కపెట్టినా. నిమిషానికి ఇరవై ఆరు.
మళ్లీ పెడితే ముప్పై.
నా ఊపిరే కలిసిపోయిందేమో.
రేణిగుంట నుంచి గూడ్సు బండి వచ్చి
ఆ లెక్కనూ తొక్కేసి పోయింది.

మాకు సూదులేసినప్పుడు
హాస్టల్లో ఎనిమిదిమందిమి, ఒకే దినం.
అరగంట కూర్చోబెట్టినారు, బిస్కెట్టు ఇచ్చినారు.
చలిజ్వరంతో చేయెత్తలేక
గోడ తట్టు తిరిగి పడుకున్నా.
రాత్రంతా కూర్చున్నది మునిలక్ష్మి.
నేనెరగను. తనకూ జ్వరమే.
ఇన్నేండ్లకు ఇప్పుడు చెప్పింది,
పిల్లిని చూస్తా చూస్తా, ఆవులిస్తా:
"నువ్వూ ఇట్లే మూలుగుతావు నిద్రలో.
భయమేసి రెండుసార్లు లేపినా.
తిట్టినావు."

మొబ్బులో, కొండదారి దీపాలు ఇంకా ఆరకముందే
ఉలవ లేచింది.
ముందుకాళ్లు సాచి, నడుం విల్లులా వంచి,
మీకేం పనీపాటా లేదా అన్నట్టు
మా ఇద్దర్నీ చూసి
చేప తల తినేసింది. ముల్లుతో సహా.

అయినా అయిపోలేదు.
వెనక కుడికాలి మీద, సూది పడిన చోట
మూడోనాడు చిన్న గడ్డ.
పోతుంది, వారానికోసారి తడిమి చూడండి,
పెరగతా ఉన్నా, మూడు నెల్లకీ పోకున్నా తీసుకురండి
అన్నాడు డాక్టరు.
శనగ గింజంత.
తర్వాత కందిపప్పంత.
తర్వాత, ఆవగింజ, ఉందా లేదా?
మునిలక్ష్మి ఉందంటుంది, నేను లేదంటాను.
క్యాలెండరు మీద సున్నాలు చుట్టుకుంటా వచ్చినాం.

ఇప్పుడేమీ లేదు.
అయినా ఫ్యాక్టరీ బస్సు హారన్ కొట్టేలోపల
చెప్పులేసుకుంటా వంగి
బొచ్చులోకి వేలు పోనిస్తా.
కాలు విదిలిస్తుంది,
నా మణికట్టు మీద సన్నగా ఒక గీత పెడుతుంది.

గీత ఉంది.
ఎడమ ట్రే.